మహారాజశ్రీ ‘ప్రయాణ సమయం’ గారికి

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

శంషాబాద్ నుంచి డల్లాస్ ఎంత దూరమని ఫోన్‌లో ఎవరడిగినా మీది ఒకటే జవాబు: సుమారు 14,400 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున 16 గంటలు. భాగహారంలో తప్పు లేదు. మీవి కాకిలెక్కలని నేననను. కాకైతే రెక్కలు నొప్పెట్టినప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట వాలుతుంది.

మీ దారేమిటో చూద్దామని గ్లోబు మీద దారం పెట్టి లాగాను. శంషాబాద్‌లో లేచి, తిన్నగా ఉత్తరానికి పోయి, ధ్రువాన్ని ఐదారు వందల కిలోమీటర్ల పక్కనుంచి దాటి, అటువైపు డల్లాస్‌లో దిగుతోంది. ఆ దారిన టికెట్ అమ్మేవాడు ఇంతవరకూ నాకు తగల్లేదు. 2021లో షికాగోకైతే నేరుగా ఒక విమానం వేశారు, వారానికొకటి. అదీ నిలబడలేదు. మేమంతా ముందు దోహాకో దుబాయ్‌కో నాలుగు గంటలు పోయి, అక్కడి కుర్చీల్లో బూట్లు విప్పుకుని జోగి, అప్పుడు పెద్ద విమానం ఎక్కే బాపతు. మీరు చెప్పే 16 గంటలూ ఆ రెండోదానికే సరిపోతాయి.

ఇంటికొచ్చేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది, గంటో గంటన్నరో కలిసొస్తుంది. మీకు గాలి లేదు. ఇల్లూ లేదు, అందుకే రన్‌వే నుంచి రన్‌వేకు కొలుస్తారు. మాకు ప్రయాణం ఖమ్మంలో, వంటింటి గడప దగ్గర మొదలవుతుంది. ఆవకాయ సీసాకు అమ్మ కవరు మీద కవరు తొడిగి టేపు చుడుతుంది. నాన్న పెట్టెను స్ప్రింగు కాటాకు తగిలించి, పళ్లు బిగించి పైకెత్తుతాడు. ముల్లు 23 దాటి 24 దగ్గర ఊగుతుంది. గోంగూర పొట్లం బయటికి. అమ్మ మొహం చూసి గోంగూర లోపలికి, నా చొక్కాలు బయటికి. ఇదే రెండు గంటలు. ఆపైన సూర్యాపేటలో టీతో కలిపి శంషాబాద్‌కు ఐదు గంటలు. విమానానికి మూడు గంటల ముందుంటే చాలంటారు. నాన్న లెక్కలో అది ఆరు.

ఇంతా చేసి శుక్రవారం తెల్లవారుజామున ఎగిరితే, డల్లాస్‌లో దిగేదీ శుక్రవారమే. చలికాలంలో అక్కడి గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. క్యాలెండరు చూసినవాడికి మీరే నెగ్గినట్టు కనిపిస్తారు.

నిరుడు చలికాలం తాతయ్య పోయాడు. నేను డల్లాస్‌లో ఉన్నాను. బాబాయి ఫోన్‌లో మిమ్మల్నే అడిగాడట. “పదహారు గంటలే, రేపు సాయంత్రానికి వచ్చేస్తాడు” అని చుట్టాలందరికీ చెప్పి, ఫ్రీజర్ పెట్టె ఒక్కరోజుకే మాట్లాడాడు. పెట్టె తెచ్చిన కుర్రాడు ప్లగ్గు పెడుతూ అడిగాడట.

“ఎక్కడినుంచి రావాలి సార్?”

“అమెరికా.”

“అయితే మూడు రోజులకు రాసుకుంటా.”

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి నేను మా ఇంటి ముందు కారు దిగాను. తమరికి అవసరమైతే చెప్పండి, ఆ కుర్రాడి నంబరు బాబాయి దగ్గరుంది.

ఇట్లు,
34బి, మధ్య సీటు