కంపైలర్ ఇంత మర్యాదగా మాట్లాడితే మా సీనియర్లం ఏమైపోవాలి?

నేను సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది కాలేజీ ల్యాబ్‌లో, నీలం తెర టర్బో సీ మీద. అదే మా కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చి, తప్పులుంటే ఎర్రర్ అని చెప్పేది. తొమ్మిదో లైన్లో వాక్యం చివర పెట్టాల్సిన సెమికోలన్ మర్చిపోతే అది పదో లైను చూపించి తప్పనేది. దాని బాధ దానిది లెండి, తర్వాతి మాట చదివితే గానీ ముందుది పూర్తి కాలేదని దానికి తెలీదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మేం గంటసేపు ఏ పాపం ఎరగని పదో లైన్ని చెరిపి, రాసి, మళ్ళీ చెరిపి... అదండీ చదువంటే!

ఒకసారి లెక్కల మాస్టారు నేర్పిన పద్ధతిలోనే 'ఏ ప్లస్ బీ ఈక్వల్స్ సీ' అని రాస్తే 'ఎల్‌వాల్యూ రిక్వయర్డ్' అంది. విలువ దాచుకునే పేరు ఎడమ పక్క ఉండాలని దాని గోల, అంటే 'సీ ఈక్వల్స్ ఏ ప్లస్ బీ' అని రాయాలన్నమాట. అప్పుడు నాకేం తెలుసు? ల్యాబ్ సార్‌ని అడిగాను. ఆయన తెర వైపోసారి, నా వైపోసారి చూసి, "కళ్ళు పెట్టుకుని చూడవయ్యా" అన్నారు. ఆయనకీ తెలీదని నాకు అర్థమవడానికి మూడేళ్ళు పట్టింది.

అన్నిటికన్నా, వెబ్‌సైట్లు రాసే భాష పాత పీహెచ్‌పీ అంటే నాకు ప్రత్యేక గౌరవం. జంట కోలన్ల దగ్గర తేడా వస్తే 'పామయిమ్ నెకుదోతయిమ్' అని తిట్టేది. తిట్టు కాదట, హీబ్రూలో జంట కోలన్లనే అలా అంటారట. హీబ్రూ రానివాడికి వెబ్‌సైట్లెందుకు?

ఇంత చక్కటి వ్యవస్థని 2015లో ఎల్మ్ అనే భాష వాళ్ళు చెడగొట్టారు. ఎర్రర్లు మనుషులకి అర్థం కావాలట! ఆ మరుసటి ఏడాదే రస్ట్ అనే ఇంకో భాష అదే దారి పట్టింది. ఇప్పుడది తప్పు ఎక్కడుందో గీత గీసి చూపించి, ఇలా మార్చి చూడమని సలహా ఇచ్చి, ఎర్రర్ నంబరు చెప్పి వివరం అడిగితే ఉదాహరణతో పాఠం కూడా చెబుతోంది. ఆ పాఠం చెప్పడానికి ఇన్నాళ్ళూ ఒక సీనియర్ ఉండేవాడు, వాడికి టీ, సమోసా ముట్టేవి. వాటి సంగతి ఎవరూ ఆలోచించలేదు.

2021లో పైథాన్ భాష 3.10 వెర్షన్ కూడా వాళ్ళలో కలిసిపోయింది. బ్రాకెట్ మూయకపోతే ఇదివరకు ఎక్కడో కింద లైన్లో 'ఇన్వాలిడ్ సింటాక్స్' అని ఊరుకునేది, ఇప్పుడు ఫలానా బ్రాకెట్ మూయలేదని ఉన్నదున్నట్టు చెప్పేస్తోంది.

మొన్న మా మేనల్లుడు ప్రింట్‌లో 'ఐ' మింగేశాడు. ఎర్రర్ రాగానే నేను కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకున్నాను. ఈలోపే పైథాన్ వాణ్ణి "ప్రింట్ అనా నీ ఉద్దేశం?" అని అడిగేసింది. వాడు దిద్దుకుని, "మామయ్యా, లేస్తావా? బ్యాట్ నీ కుర్చీ వెనకుంది" అన్నాడు.