ప్రపంచ దేశాల స్మారక తపాలా బిళ్ళ గారికి నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ స్మారక తపాలా బిళ్ళ గారి దివ్యసముఖానికి, నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల స్టాంపు పిచ్చోళ్ళం నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేం క్షేమం. మా ఆల్బమ్‌లు అంత క్షేమంగా లేవు, ఆ సంగతి కింద మనవి చేస్తాం. తమరు క్షేమంగానే ఉంటారని మాకు తెలుసు. పని చెయ్యని ఒళ్ళు నలగదు గదా.

కోప్పడబాకండి. తమ వంశం పుట్టిందే ఉత్తరం మొయ్యడానికి. 1840 మే నెలలో ఇంగ్లండులో పెన్నీ బ్లాక్ వచ్చింది. అర ఔన్సు ఉత్తరాన్ని ఆ దేశంలో ఏ మూలకైనా ఒక్క పెన్నీకి చేర్చింది. ఆ మూలపురుషుడు నల్లటి ఒంటి మీద ఎర్ర ముద్ర కొట్టించుకుని, గుర్రబ్బండ్లలో కుదుపులు తిని, పనిచేసి పోయాడు. మన ఉపఖండంలో 1852లో సింధు డాక్ బిళ్ళలు పుట్టిందీ పనికే. తమరు మాత్రం వేరే శాఖ, ఎవరి పేరో ఏ సందర్భమో చెప్పి వేసే రకం. 1893లో అమెరికా కొలంబస్ పేరు చెప్పి ఒకేసారి 16 బిళ్ళలు దించింది. అన్నిటికన్నా చిన్నది ఒక సెంటు, పెద్దది 5 డాలర్లు. ఆ రోజుల్లో 5 డాలర్ల బిళ్ళ అంటించాల్సినంత బరువు ఎవరు పంపించుకుంటారబ్బా? తపాలా శాఖలకు రుచి తెలిసింది అప్పుడే. కొన్నవాడు అంటించకుండా దాచుకుంటే, డబ్బు గల్లాలో పడుతుంది, మొయ్యాల్సిన ఉత్తరం ఉండదు.

ఆ రుచిని వ్యాపారం చేసినాయన సీబెక్ అనే స్టాంపుల వ్యాపారి. 1889 ప్రాంతంలో నికరాగ్వా, హోండురాస్, ఎల్ సాల్వడార్, ఈక్వడార్ దేశాలతో ఒప్పందం రాసుకున్నాడు. ఏటేటా కొత్త బిళ్ళలు ఉచితంగా అచ్చేసి ఇస్తాను, ఏడాది తిరిగేసరికి పాతవి చెల్లకుండా చెయ్యండి, మిగిలినవి నాకు ఇచ్చెయ్యండి, నేను సేకరణకారులకు అమ్ముకుంటాను అని. ఇట్లాంటి వేషాలను ఆపడానికి 1895లో లండన్‌లో ఒక సంఘమే పెట్టారు. సంఘం ఏనాడో పోయింది. తమరు ఇంకా ఉన్నారు.

1960ల చివరికి తమరు ఎడారి చేరారు. అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ ఖ్వైన్, రాస్ అల్ ఖైమా అనే గల్ఫు చిన్న రాజ్యాలు. ఇసుక తప్ప లేని చోట్ల ఒలింపిక్సు, అపోలో, ఫ్రెంచి చిత్రాలు, పిల్లులు! తర్వాత అవన్నీ యూఏఈ అనే ఒక దేశమై, మా వైపు జనం గల్ఫుకు పనికి పోయి ఇంటికి ఉత్తరాలు రాశారు. ఆ కవర్ల మీదికి తమ పిల్లులు ఎక్కిన పాపాన పోలేదు. అవి వంద బిళ్ళల పాకెట్లలో, పిల్లల కోసమని, నేరుగా వచ్చాయి.

తమరు పనిచేశారో లేదో కనుక్కోవడం కష్టమేం కాదు. బిళ్ళను పట్టకారుతో పట్టుకుని వెనక్కి తిప్పాలి. ముందు ముద్ర, వెనక చెక్కుచెదరని జిగురు కనబడితే అది అచ్చాఫీసు దగ్గరే ముద్ర కొట్టించుకున్న సరుకు. సీటీవో అంటారు. ముద్ర కూడా మూలలో పావు గుండ్రంగా, అక్షరం చెదరకుండా, బొమ్మ మొహానికి తగలకుండా పడి ఉంటుంది. నాలుగు బిళ్ళలు కలిసే చోట ఒక్క ముద్ర వేస్తే నలుగురికీ తలా పావు. హంగరీ, పోలండ్, రుమేనియా, బల్గేరియాలు ఏళ్ళ తరబడి ఈ పద్ధతిలో అమ్ముకున్నాయి. నిజంగా ఊళ్ళు తిరిగిన బిళ్ళకు జిగురు ఉండదు, ముద్ర అడ్డదిడ్డంగా ఉంటుంది, అంచు చిల్లుల దగ్గర ఒక పన్ను ఊడి ఉన్నా ఉంటుంది. మాకు కావలసింది అదీ.

కొత్తగా చేరిన పిల్లలకు ఇంకో మాట. మాగ్యార్ పోస్టా అంటే హంగరీ, హెల్వెటియా స్విట్జర్లాండు, సువోమి ఫిన్లాండు, స్వెరియే స్వీడను. పేరే లేకుండా రాజు తలో రాణి తలో ఉంటే అది బ్రిటన్. మొదట పుట్టామన్న ధీమాతో వాళ్ళు బిళ్ళ మీద దేశం పేరు వెయ్యరు.

ఇక మా ఊరి గాలి సంగతి. తమరు ఎక్కడెక్కడో అచ్చవుతారు, కాపురం మాత్రం పెన్నా ఒడ్డున. రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టిందంటే గాలిలో తేమ మొత్తం పోతుంది. జిగురు బిగుసుకుని మింట్ బిళ్ళ, అంటే వాడకుండా జిగురుతో ఉన్న కొత్త బిళ్ళ, గొట్టంలా చుట్టుకుంటుంది. అప్పుడు వేలితో చదును చెయ్యబోతే జిగురు పగిలి, ఆ పగులు బొమ్మ వైపుకీ తేలుతుంది. చెయ్యి పెట్టకుండా వదిలేస్తే తేమ తిరిగి రాగానే దానంతటది విప్పుకుంటుంది. అక్టోబరు నుంచి కథ తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనం, బంగాళాఖాతంలో వాయుగుండం, వారం రోజుల ముసురు. జిగురు మెత్తబడి, బిళ్ళలు దాచే స్టాక్ బుక్ కాగితానికి కరుచుకుంటుంది. పీకితే బిళ్ళ వీపు ఊడుతుంది. పేజీతో సహా నీళ్ళలో నానేస్తే జిగురు పోయినా బిళ్ళ దక్కుతుంది. మింట్ విలువ పోయిందని ఏడ్చేవాళ్ళు ఏడవచ్చు, చిరిగిన బిళ్ళకు ఆ విలువా రాదు.

గోధుమరంగు చుక్కలు వేరే జబ్బు. అది బూజు. పక్క బిళ్ళకూ పాకుతుంది కాబట్టి చుక్క కనపడ్డ రోజే ఆ బిళ్ళను వేరే కవర్లోకి మార్చాలి. బ్లీచింగ్ నీళ్ళతో కడిగితే పోతుందని చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళో ఉంటారు. చుక్కతో పాటు రంగూ పోతుంది. ఆల్బమ్‌లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లాగా నిలువుగా, వదులుగా నిలబెట్టాలి. వాన నీళ్ళు దిగే గోడకు ఆనించిన బీరువా వద్దు. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి, నీలి గింజలు గులాబీ రంగుకు తిరగగానే మార్చాలి. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే జిగురూ కాగితమూ రెండూ బతుకుతాయి. కలరా ఉండలు బీరువా అడుగున వేసుకోండి, ఆల్బమ్‌లో మాత్రం వద్దు, ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్ షీట్లు మెత్తబడతాయి. బజార్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లయితే ఏ ఉండా లేకుండానే కొన్నేళ్ళకు జిగటెక్కి బొమ్మ రంగును పీల్చుకుంటాయి. పాలిస్టర్ షీటు ఖరీదు ఎక్కువే, కానీ తమరి కన్నా నమ్మకస్తురాలు.

తమకు స్నానం చేయించడం ఒక వైభవం. కవరు మీద బిళ్ళ చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించాలి. ఎర్ర కవర్లు, ఆకుపచ్చ కవర్ల ముక్కలు వేరే గిన్నెలో వెయ్యాలి. ఒక్క ఎర్ర ముక్క గిన్నెడు బిళ్ళలకు పెళ్ళికళ తెస్తుంది, ఆ కళ మళ్ళీ పోదు. గది వేడి నీళ్ళు చాలు, కాగబెట్టొద్దు. 15, 20 నిమిషాలకు బిళ్ళ తనే జారి కాగితాన్ని వదులుతుంది. వదలకపోతే ఇంకో పది నిమిషాలు ఆగాలి గానీ గోరు పెట్టకూడదు. మంచినీళ్ళలో ఇంకోసారి ముంచి, వెనక మిగిలిన జిగురు పోగొట్టి, బొమ్మ కిందికి పెట్టి తెల్లటి బ్లాటింగ్ కాగితం మీద ఆరెయ్యాలి. దినపత్రిక మీద ఆరేస్తే తమరి వీపున ఆనాటి వార్తలు అచ్చవుతాయి. కొంచెం పచ్చి ఉండగానే లావు నిఘంటువులో పెట్టి ఒక రాత్రి బరువెయ్యాలి. అమెరికా నుంచి వచ్చే కొత్త స్టిక్కర్ బిళ్ళలు చాలావరకు నీళ్ళకు లొంగవు. వాటిని కాగితంతో సహా చుట్టూ సమంగా కత్తిరించి దాచుకోవడమే మర్యాద.

స్నానమంటే మన సొంత ఘనత గుర్తొస్తుంది. 1994లో మన తపాలా శాఖ అరుదైన నీటి పక్షుల మీద నాలుగు బిళ్ళలు తెచ్చింది. సిరా నీళ్ళకు కరిగిపోతోందని వాటిని వెనక్కి తీసుకున్నారు. నీటి పక్షికి నీళ్ళు పడలేదు! ఎక్కడన్నా ఆ బిళ్ళలు దొరికితే తడి చెయ్యి కూడా తగలనియ్యొద్దు.

పని మానేసినవాళ్ళు సోకులకు దిగడం మామూలే. సియెర్రా లియోన్ 1964లో దేశపటం ఆకారంలో స్టిక్కరు బిళ్ళ వేసింది. టోంగా 1969లో అరటిపండు ఆకారం. భూటాన్ 1970లలో ఏకంగా చిన్న గ్రామఫోన్ రికార్డులను బిళ్ళలుగా అమ్మింది, ముల్లు పెడితే పాట వస్తుంది. మన దేశం వాసనల వైపు పోయింది. 2006లో గంధం, 2007లో గులాబీ, 2008లో మల్లె, 2017లో కాఫీ. కాఫీ బిళ్ళ వెల 100 రూపాయలు, ఆ డబ్బుతో నెల్లూరు హోటల్లో నిజం కాఫీలే తాగొచ్చు. వేలితో రుద్దితేనే వాసన వస్తుంది, రుద్దిన కొద్దీ పోతుంది, రుద్దితే బిళ్ళ మింట్ కాదు. వాసన చూడకూడని వాసనకు వంద పెట్టడం తమ భక్తులకే చెల్లు. వరస ఎటూ మొదలైంది కాబట్టి మా చేపల పులుసు బిళ్ళ కూడా వెయ్యమని మనవి. మామిడికాయ వేసిన పులుసైతే మరీ మంచిది. అది ఆల్బమ్‌లో ఉంటే పురుగు కూడా వేరే బిళ్ళ జోలికి పోదు.

ఇంకో ఫిర్యాదు. 2000లో దేశీ పశుజాతుల మీద నాలుగు బిళ్ళలు వచ్చాయి: గిర్, కాంగేయం, కాంక్రేజ్, హళ్ళికార్. ఒంగోలు గిత్త లేదు. బ్రెజిల్‌లో ఆ జాతి మంద మందంతా నెలోర్ అని మా ఊరి పేరు పెట్టుకుని తిరుగుతుంటే, మన తపాలా శాఖకు ఆ మూపురం ఆనలేదు. పెద్దల విషయంలో మాత్రం లోటు చెయ్యలేదని ఒప్పుకుంటాం. టంగుటూరి ప్రకాశం గారి బిళ్ళ 1972లో వచ్చింది, జిల్లాకు ఆయన పేరు పెట్టిందీ ఆ ఏడాదే. పొట్టి శ్రీరాములు గారి బిళ్ళ 2000లో వచ్చింది. ఈ రెండూ ముద్ర పడి, కవరు మీద ఉన్నవి దొరికితే మా దగ్గర మింట్ కన్నా వాటికే విలువ ఎక్కువ.

పనిచేసే బిళ్ళ ఇంకా పూర్తిగా చచ్చిపోలేదు. సూళ్ళూరుపేట అవతల శ్రీహరికోట ఉంది, మ్యాపులో 2022 నుంచి వేరే జిల్లా అయినా మాకు పెరడే. రాకెట్టు ఎగిరిన రోజు అక్కడి తపాలా ముద్ర పడిన కవరు కోసం దేశదేశాలవాళ్ళు ఎగబడతారు. తమరి సోకులేమీ చెల్లని చోటు అది. ముద్రలో తేదీ ఎగిరిన తేదీయే అయి ఉండాలి. కంగారుపడి కవరు మీద తేదీ ముందే అచ్చేయించుకున్నవాళ్ళు మునుగుతారు. చంద్రయాన్-2 ఎగరాల్సింది 2019 జూలై 15న, గంటకు కాస్త తక్కువ ఉందనగా ఆపేశారు, ఎగిరింది 22న. తేదీ చోటు ఖాళీగా వదిలి, బొమ్మ మాత్రం అచ్చేయించడం తెలివైన పని.

ధర గురించి క్లుప్తంగా. స్టాంపుల ధరల కేటలాగులో రాసినది దుకాణదారు అమ్మే ధర, కొనే ధర కాదు. అతి చవక బిళ్ళకు రాసిన ధర కూడా బిళ్ళది కాదు, దాన్ని వెతికి, కవర్లో పెట్టి ఇచ్చిన చాకిరీది. ఒకే బొమ్మ రెండు రకాల పళ్ళతో ఉండొచ్చు. 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులో, వాటిని కొలిచే గేజి మీద చూడకుండా అరుదైనదని డబ్బు చెల్లించకూడదు. గాంధీ గారి బిళ్ళలు సేకరించేవాళ్ళకు ఇది మరీ అవసరం. పల్లిపాడు ఆశ్రమం ఉన్న జిల్లా కాబట్టి ఆ వరస మొదలుపెట్టేవాళ్ళు మాలో ఎక్కువ. అమెరికా 1961లో వేసిన బిళ్ళ, బ్రిటన్ 1969లో వేసిన బిళ్ళ పనిచేసిన రకాలు. ఈమధ్య బిళ్ళలు అచ్చేసి అమ్మే ఏజెన్సీలు ఎక్కడెక్కడి దీవుల పేర్ల మీదో దించే షీట్లు ఆ దీవి తపాలా కౌంటరు మొహం చూశాయో లేదో. ప్రపంచ తపాలా సమాఖ్య 2002 నుంచి సభ్య దేశాల అసలు బిళ్ళలకు నంబర్లు ఇస్తోంది, కొనేముందు ఆ జాబితాలో వెతకండి.

తప్పంతా తమదే అనడం లేదు. చీమకుర్తి గ్రానైటు, ఒంగోలు పొగాకు, నెల్లూరు రొయ్య దేశాలు దాటి పోతూనే ఉన్నాయి. వాటికి జవాబుగా రావలసిన కవరు మాత్రం ఇప్పుడు వాట్సాప్‌లో వస్తోంది. ఇక్కడ రిజిస్టరు పోస్టును 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటర్లో అంటించేది బార్‌కోడ్ కాగితం. దాన్ని ఎవరు నానబెడతారు, ఎవరు ఆరేస్తారు?

కాబట్టి తమరు ఈ లేఖకు జవాబు ఇవ్వదలిస్తే ఈమెయిల్ వద్దు. తెల్ల కవరు వాడండి, రంగు కవరు వద్దు. తమరే స్వయంగా, కుడివైపు పైమూలన, అంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలి కూర్చోండి. ఫెవికాల్ పూయించుకోవద్దు, తమ వీపున ఉన్న జిగురు చాలు. స్టేపుల్ పిన్నుల దగ్గరకు పోవద్దు. కౌంటర్లో ముద్ర కొట్టే ఆయనను, అయ్యా, ఊరి పేరు, తేదీ కనపడేట్టు ఒక మూలకు కొట్టండి, మొహం మీద వద్దు అని అడగండి. ఆయన వినకపోయినా ఫరవాలేదు, బాల్‌పెన్నుతో గీత మాత్రం కొట్టించుకోవద్దు.

ఇట్లు,
తమ చాకిరీ చేసే
నెల్లూరు, ప్రకాశం జిల్లాల స్టాంపు పిచ్చోళ్ళు