బాఖ్‌కి లేని పట్టింపు వాట్సాప్‌కి ఎందుకు?

ఈ నెలలో ఇది నాలుగోసారి. మొదట కాలేజీ గ్రూపులో వచ్చింది, తర్వాత మా బావ పంపాడు, ఆ తర్వాత పాత ఆఫీసువాళ్లు, నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపు. పైన "అసలైన బరోక్ సంగీతం వినడం ఎలా?" అని శీర్షిక (బరోక్ అంటే సుమారు 1600–1750 నాటి యూరప్ సంగీతం), కింద వరసగా దండం పెట్టే చేతులు. మెసేజ్ సారాంశం ఇది. ఏ వాద్యానికి రాసిన రచనని ఆ వాద్యం మీదే వినాలి. జర్మన్ స్వరకర్త బాఖ్‌కి (1685–1750) పియానో అంటే అసహ్యం కాబట్టి పియానో, గిటారు, సింథసైజరు మీద ఆయన్ని వాయించడం అవమానం. ఆ రోజుల్లో శ్రుతి 432 హెర్ట్జ్, అందుకే మనసుకి అంత హాయి. పిల్లలకి కీబోర్డు మీద బాఖ్ నేర్పితే చెవి పాడవుతుంది. చివర్లో "స్వచ్ఛమైన" రచనలు మూడు, లింకులతో సహా.

432 సంగతి ముందు తేల్చేద్దాం, అది పెద్ద పని కాదు. సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే ఆ కొలతకి పేరిచ్చిన హెర్ట్జ్ పుట్టిందే 1857లో. బాఖ్ కాలంలో ఊరికో శ్రుతి. లైప్‌జిగ్ చర్చిల్లో ఆర్గన్ శ్రుతి మిగతా వాద్యాల కంటే ఒక మెట్టు పైన ఉండేది కాబట్టి, ఆర్గన్ పార్టుని ఒక మెట్టు దించి విడిగా రాసివ్వాల్సి వచ్చేది. ఒకరు ఒకటిన్నర శ్రుతిలో, ఇంకొకరు ఐదున్నరలో పాడితే రెండూ హాయిగా విన్న జనం మనం. మనకి కూడా ఈ 432 కథేనా?

పియానో అంటే అసహ్యమట. బాఖ్ శిష్యుడు ఆగ్రికోలా రాసిపెట్టిన సంగతి వేరు. సిల్బర్‌మన్ చేసిన తొలి పియానోలు చూసి నాదం బాగుందన్నాడు బాఖ్. పై స్థాయి బలహీనంగా ఉంది, నొక్కే మెట్లు బరువుగా ఉన్నాయి అని కూడా అన్నాడు. సిల్బర్‌మన్‌కి కోపమొచ్చింది కానీ ఏళ్ల తరబడి కూర్చుని బాగుచేశాడు, అప్పుడు బాఖ్ మెచ్చుకున్నాడు. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ముందు వాయించింది ఆ సిల్బర్‌మన్ పియానోల మీదే. 1749లో ఒక పియానో అమ్మిపెట్టి రసీదు మీద సంతకం కూడా చేశాడు. అసహ్యమున్నవాడు అమ్మిపెడతాడా? (మా వీధి ప్లాట్ల బ్రోకర్లని తల్చుకుంటే పెట్టొచ్చనిపిస్తుంది, అది వేరే విషయం.)

ఇక అసలు సంగతి: ఒక రచనకి ఒకే వాద్యం. ఇది చదివినప్పుడల్లా నాకు బీపీ పెరుగుతోంది. ఈ నియమాన్ని బాఖ్ కంటే ఎక్కువసార్లు తప్పినవాడు ఉన్నాడా? 1720 నాటి రాతప్రతిలో ఒంటి వయొలిన్ కోసం రాసుకున్న ఇ మేజర్ పార్టిటా (కొన్ని చిన్న రచనల మాలిక) ఉంది. దాని మొదటి భాగం ప్రెలూడ్‌ని 1731లో ఆర్గన్‌కి ఎక్కించి, చుట్టూ ట్రంపెట్లు, డ్రమ్ములు పెట్టి 29వ కాంటాటాకి (చర్చిలో పాడే రచన) తెరతీశాడు. ఆ పార్టిటా మొత్తానికి ల్యూట్ (మీటి వాయించే పాత తీగ వాద్యం) రూపం కూడా ఉంది. వయొలిన్ కాన్సర్టోలు (ముఖ్య వాద్యానికి వాద్యబృందం తోడుండే రచనలు) హార్ప్సికార్డ్ (మెట్టు నొక్కితే తీగ మీటే పాత వాద్యం) కాన్సర్టోలయ్యాయి. ఇటలీ స్వరకర్త వివాల్డి 1711లో అచ్చేయించిన నాలుగు వయొలిన్ల కాన్సర్టో నాలుగు హార్ప్సికార్డుల కాన్సర్టో అయింది, పైగా శ్రుతి కూడా మారింది. వివాల్డి మనోభావాలు దెబ్బతిన్నాయేమో మెసేజ్ రాసినాయన కనుక్కుని చెప్తే బాగుండు. ఒంటి వయొలిన్ రచనల్ని బాఖ్ తరచు క్లావికార్డ్ (ఇంకో పాత మెట్ల వాద్యం) మీద, తోచినంత హార్మొనీ కలుపుకుంటూ వాయించేవాడని అదే ఆగ్రికోలా చెప్పాడు. ఫ్రాన్స్‌లో స్వరకర్త కూప్రాఁ ఇంకా ఉదారం: 1722లో అచ్చేసిన కచేరీ రచనల్ని హార్ప్సికార్డ్ మీద వాయించుకోండి, లేదా వయొలిన్, ఫ్లూట్, ఓబో, ఏది ఉంటే దాని మీద అని ముందుమాటలోనే రాశాడు. 'ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్'లో బాఖ్ ఏ వాద్యం పేరూ రాయలేదు. మెసేజ్ ప్రకారం దాన్నిక ఎవరూ వినకూడదు కాబోలు.

బాఖ్ వాయించిన ఫిడేలు మన కచేరీకి వచ్చి కూర్చుంటే "ఇది మనది కాదు" అని లేపి పంపలేదు కదా. పాలకొల్లు పిల్లాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కృతి వాయిస్తే వినకుండా చెవులు మూసుకున్నామా?

పిల్లల పాయింటుకి మాత్రం నాకు నవ్వు రావట్లేదు. మా అన్నయ్య కూతురికి పదకొండేళ్లు. మూడు నెలలుగా కీబోర్డు మీద జి మేజర్ మినుయెట్ (చిన్న నాట్య రచన) సాధన చేస్తోంది. (అది బాఖ్‌ది కాదు, పెట్జోల్డ్‌ది. దానికి ఇంకా చెప్పలేదు.) ఈ మెసేజ్ చూసి వాళ్ల నాన్న "నిజమైన వాద్యం కొనేదాకా ఆపుదామా?" అని అడిగాడు. హార్ప్సికార్డ్ ఎక్కడ కొంటావన్నయ్యా? కొన్నా మన ఎండలకి, వానలకి దాన్ని రోజూ శ్రుతి చేసేదెవరు?

ఇక ఆ మూడు "స్వచ్ఛమైన" రచనలు. మొదటిది 'ఎయిర్ ఆన్ ది జి స్ట్రింగ్'. బాఖ్ డి మేజర్‌లో రాసిన ఎయిర్‌ని, వయొలిన్ అట్టడుగు తీగ (జి) ఒక్కదాని మీదే వాయించడానికి వీలుగా సి మేజర్‌కి దించినవాడు 19వ శతాబ్దపు వయొలిన్ విద్వాంసుడు విల్హెల్మి. అంటే ఆ పేరే ఒక అరేంజ్‌మెంట్ పేరు. రెండోది పాహెల్‌బెల్ కానన్. ఆయన రాసింది మూడు వయొలిన్లకి, కింద బేస్‌కి. లింకు నొక్కితే పెద్ద ఆర్కెస్ట్రా, పెళ్లి రిసెప్షన్ వేగం. మూడోది అల్బినోని అడాజియో. పేరు బరోక్ కాలపు అల్బినోనిది, సంగీతం రెమో జాజొట్టోది, అచ్చయింది 1958లో. శుద్ధి పరీక్షకి తెచ్చిన మూడూ పోయాయి. ఇంత కష్టపడి వెతికినా ఇలా కుదరదు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. బాఖ్ రెండో బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టోని నేను ఇరవై ఏళ్లు ఇప్పటి ట్రంపెట్‌తోనే విన్నాను. ఆ హోరులో రికార్డర్ అనే వేణువు ఉందని కాగితం మీద చదివితే తప్ప తెలిసేది కాదు. పాతకాలపు మీటల్లేని ట్రంపెట్‌తో విన్న రోజు నాలుగు వాద్యాలూ నాలుగు గొంతుల్లా విడివిడిగా వినబడ్డాయి. బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లూ అంతే. రెండు వరసల మెట్లున్న హార్ప్సికార్డ్‌కి రాసినవి కాబట్టి, పియానో మీద రెండు చేతులూ ఒకే చోట గుద్దుకుంటాయి. ఆ మేరకు మెసేజ్ పంపినవాళ్లు నెగ్గారు.

మా అన్నయ్య కూతురి కీబోర్డులో హార్ప్సికార్డ్ బటన్ కూడా ఉంది. మొన్న అది నొక్కి వాయించమన్నాను. సగం దాకా వాయించి, "రేకు డబ్బాలో చిల్లర వేసి ఊపినట్టుంది బాబాయ్" అని మళ్లీ పియానోకి మార్చేసుకుంది.