ఆదివారం కన్నా చిరునామా నమోదే అసలు చిక్కు

జర్మనీకి కొత్తగా వచ్చే మనవాళ్లకు ఆదివారం దుకాణాలు మూసి ఉండటమే పెద్ద ఇబ్బంది అని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను గానీ, శనివారమే సరుకులు తెచ్చుకుంటే ఆ బాధ తీరిపోతుంది. నా దృష్టిలో అసలు చిక్కు చిరునామా నమోదు. ఇంట్లో దిగిన 2 వారాల్లోగా, ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రంతో స్థానిక పౌర సేవల కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. అది కానిదే పన్ను గుర్తింపు సంఖ్య రాదు, ఆ సంఖ్య అందడం బాగా ఆలస్యమైతే జీతంలో పన్ను కోత ఎక్కువ పడవచ్చు. బెర్లిన్ వంటి నగరాల్లో అపాయింట్‌మెంటు దొరకడమే గగనం కనుక, ఇల్లు ఖాయమైన రోజే ప్రయత్నం మొదలుపెట్టడం మేలు. ఇక నీళ్ల సీసాకు బిల్లులో అదనంగా కనిపించే 25 సెంట్లు మోసమేమీ కాదు (మా అమ్మగారికి మాత్రం ఇప్పటికీ అనుమానమే). ఖాళీ సీసాను నలగ్గొట్టకుండా దుకాణంలోని యంత్రంలో వేస్తే వచ్చే చీటీని కౌంటరులో ఇచ్చి ఆ సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు.