కళ్ళ ముందు చుక్కలు కనిపిస్తే చూపు పోతున్నట్టేనా?

"టీనేజ్ పిల్లలకి కళ్ళ ముందు చుక్కలు, దారపు పోగులు కదులుతున్నాయంటే రెటీనా ఊడిపోతోందనో, మెదడులో గడ్డ ఉందనో అర్థం. అంతా ఫోన్ నీలికాంతి వల్లే. రోజూ ఆకాశం వైపు చూసి పరీక్షించుకోండి. కనిపిస్తే వెంటనే ఎమ్మారై తీయించండి." ఇలాంటి సందేశం ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇది చదివి నిద్ర మానుకునేది ఎక్కువగా ఆ పిల్లలే కాబట్టి ఒక్కో మాటా తీసుకుందాం.

రెటీనా మాట ముందు. అది కంటి వెనుక వైపు కాంతిని పట్టే పొర. కంటిగుడ్డు నిండా విట్రియస్ అనే జెల్లీ ఉంటుంది. సుమారు 4 మిల్లీలీటర్లు, అందులో 98 శాతం దాకా నీరే. మిగతా దాంట్లోని సన్నటి కొల్లాజెన్ పోగులు అక్కడక్కడా ముద్దకడితే వాటి నీడ రెటీనా మీద పడుతుంది. కనిపించే చుక్క ఆ నీడే. సూటిగా చూద్దామని కన్ను తిప్పితే పక్కకి జారుకుంటుంది, కన్ను నిలిపితే మెల్లగా కిందికి దిగుతుంది. మైనస్ పవర్ ఉన్నవాళ్ళకి ఇవి చిన్న వయసులోనే కనిపిస్తాయి.

రెటీనా ఊడే తీరు వేరు. ఉన్నట్టుండి చుక్కల జల్లు కురుస్తుంది, కంటి అంచున మెరుపులు మెరుస్తాయి, ఒక పక్క నుంచి తెర దించినట్టు చూపు మూసుకుపోతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, కంటికి దెబ్బ తగిలాక చుక్కలు మొదలైనా, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. పవర్ బాగా ఎక్కువున్న పిల్లలైతే మరీ ముఖ్యం. నెలల తరబడి మారకుండా ఉన్న పాత పోగుకి ఆ పరుగు అక్కర్లేదు.

ఇక మెదడులో గడ్డ. రోజురోజుకీ ముదిరే తలనొప్పి, పొద్దున్నే వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, చూపులో ఒక భాగం మాయమవడం లాంటివి ఉంటే డాక్టర్లు ఆ వైపు ఆలోచిస్తారు. తేలాడే చుక్క ఆ జాబితాలో లేదు. వంకర టింకర గీతలు మెరుస్తూ పెద్దవై, ఐదు నిమిషాల నుంచి గంట లోపు పోతే అది చాలాసార్లు మైగ్రేన్ ఆరా, అంటే మైగ్రేన్‌తో వచ్చే తాత్కాలిక చూపు మార్పు. మొదటిసారి వస్తే డాక్టర్‌కి చెప్పాలి, అంతే తప్ప గడ్డ అని తేల్చేసుకోకూడదు.

ఫోన్ సంగతి రెండు ముక్కల్లో. పగటి వెలుగులో ఉండే నీలికాంతి ముందు ఫోన్ కాంతి ఏపాటిది? రెప్ప వేయడం తగ్గి కళ్ళు పొడిబారతాయి, అది నిజం. పెద్దవాళ్ళకి ఈ పాయింటు అంతగా నచ్చడానికి కారణం వేరే ఉందిలెండి.

అసలు తంటా "ఆకాశం వైపు చూసి పరీక్షించుకోండి" అన్న మాటతోనే. నీలాకాశాన్ని కాసేపు తేరిపార చూస్తే ఆరోగ్యమైన కంటికి కూడా మిణుగుర్లలా చిన్న తెల్లచుక్కలు వంపులు తిరుగుతూ పరిగెడతాయి. అవి రెటీనాలో కాంతిని పట్టే కణాల ముందున్న సన్నటి రక్తనాళాల్లో వెళ్ళే తెల్లరక్తకణాలు. ఎర్రకణాలు నీలికాంతిని పీల్చుకుంటాయి, తెల్లకణాలు వదిలేస్తాయి, అందుకే ఆ మెరుపు. గుండె కొట్టుకునే లయకి వాటి వేగం కూడా మారుతుంది. జర్మన్ కంటివైద్యుడు రిచర్డ్ షీరర్ 1924లోనే దీన్ని వర్ణించాడు. అంటే ఈ పరీక్షలో దాదాపు ఎవరూ పాసవ్వరు!

పైగా రోజూ వెతికితే ఇంకా కనిపిస్తాయి. మారకుండా ఉండే నీడల్ని మెదడు తనంతట తానే పట్టించుకోవడం మానేస్తుంది. భయంతో ఒక కన్ను మూసి, తెల్లగోడ ముందు నిలబడి లెక్కపెట్టే పిల్లాడు మాత్రం వాటినే చూడమని మెదడుకి నేర్పుతున్నాడు. డాక్టర్ "ఏమీ లేదు" అన్న ఊరట సాయంత్రానికి కరిగిపోతుంది, మళ్ళీ గోడ దగ్గరికే. కంటిపాప పెద్దది చేసే చుక్కల మందు వేయించి ఒకసారి రెటీనా చూపించండి. బాగుందంటే మళ్ళీ కొత్త లక్షణం వచ్చేదాకా గోడ పరీక్ష ఆపించండి. "ఇవాళ కనిపించాయా?" అని పొద్దున్నే మీరు అడగడం కూడా.