గింజల్లేని పండ్లకూ సంతానలేమికీ సంబంధం లేదు

గింజల్లేని పుచ్చకాయలు జన్యుమార్పిడి చేసినవనీ, వాటిలో కోల్చిసిన్ అనే విషం ఉంటుందనీ, క్రోమోజోముల (కణంలో జన్యువులను మోసే పోగుల) సంఖ్య తప్పిన ఆ పండ్లు తిన్నవారికి పిల్లలు పుట్టరనీ, గర్భిణులు తింటే డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే బుద్ధి, ఎదుగుదల మందగించే స్థితి) ఉన్న బిడ్డలు కలుగుతారనీ చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది.

మొదట జన్యుమార్పిడి సంగతి. మామూలు పుచ్చ కణంలో 22 క్రోమోజోములుంటాయి. వాటిని రెట్టింపు చేసి 44 ఉన్న మొక్కను పెంచి, దాని ఆడపూలకు మామూలు మొక్క పుప్పొడిని అందిస్తే 33 క్రోమోజోములున్న విత్తనం వస్తుంది. దాన్ని నాటితే వచ్చే తీగే గింజల్లేని కాయలు కాస్తుంది. జపాన్ శాస్త్రవేత్త కిహారా బృందం ఈ పద్ధతిని 1951లోనే ప్రకటించింది. ఇందులో వేరే జీవి జన్యువును చొప్పించే పనే లేదు. పైగా మన రైతులు 2002 నుంచి వేస్తున్న బీటీ పత్తి నిజంగానే జన్యుమార్పిడి పంట, దాని కాయలో గింజలు నిండుగా ఉంటాయి.

కోల్చిసిన్ విషమన్నది నిజమే. మన అడవినాభి దుంపలోనూ అది ఉంది. అయితే దాన్ని వాడేది 44 క్రోమోజోముల తల్లి వంగడాన్ని తొలిసారి తయారుచేసేటప్పుడు, లేత మొలకల మీద మాత్రమే. ఆ తర్వాత ఆ వంగడం తన గింజలతోనే తరతరాలుగా కొనసాగుతుంది కనుక మనం కోసుకునే కాయకు ఆ మందు తగిలే అవకాశమే లేదు.

పిల్లలు పుట్టరన్న మూడో మాటే ఎక్కువమందిని భయపెడుతోంది. అండాలూ పుప్పొడీ తయారయ్యే క్షయకరణ విభజనలో క్రోమోజోములు రెండేసిగా జతకట్టి విడిపోవాలి. ప్రతి రకానికీ మూడేసి ఉన్నప్పుడు పంపకం కుదరక అండాలూ పుప్పొడీ పాడవుతాయి, గింజ కట్టదు. ఆ ఇబ్బంది పుచ్చతీగది, తిన్న మనిషిది కాదు. పండులోని డీఎన్‌ఏ మన జీర్ణనాళంలో ముక్కలైపోతుంది, అందులోని క్రోమోజోముల లెక్క మన వీర్యకణాలకో అండాలకో చేరదు. గోదావరి జిల్లాల్లో తాతల కాలం నుంచీ తింటున్న అమృతపాణి, కర్పూర చక్కెరకేళి అరటిపండ్లు కూడా 33 క్రోమోజోముల త్రయస్థితికాలే (ప్రతి రకం క్రోమోజోమూ మూడేసి ఉన్నవే), వాటికి ఎవరూ కోల్చిసిన్ పూయలేదు. రొట్టెల గోధుమలో మూడు జాతుల గడ్డిమొక్కల క్రోమోజోములు కలిసి మొత్తం 42 ఉన్నాయి; సరిసంఖ్యలో జతలు కుదరడంతో దానికి గింజ చక్కగా కడుతుంది. మొక్కల్లో బహుస్థితికత, అంటే ప్రతి రకం క్రోమోజోమూ రెండుకు మించి ఉండటం, ఇంత సాధారణమైనప్పుడు దాన్ని రోగంగా చూపడం తప్పు.

గర్భిణుల గురించిన మాట అన్నిటికన్నా క్రూరమైనది. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము మూడు ప్రతులుగా ఉంటుందని 1959లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు లెజూన్, గోతియే, తుర్పాఁ ప్రకటించారు. ఎక్కువ సందర్భాల్లో ఈ అదనపు ప్రతి అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగా విడిపోనందువల్ల వస్తుంది, తల్లి వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశమూ పెరుగుతుంది. అంటే ఆ పొరపాటు గర్భం నిలవకముందే జరిగిపోతుంది. నెలలు నిండుతున్నప్పుడు తిన్న పుచ్చముక్కను కారణంగా చూపి తల్లిని నిందించడానికి శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.