ముద్దాయి మౌసు, సాక్షి అద్దం

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కొత్తగా బస్సు దిగినవాడిలా, మూడు వారాలుగా మా కంప్యూటర్ తెర మీద బాణం గుర్తు దారి తెలియక తిరుగుతోంది. 'సేవ్' మీదికి తోస్తే 'డిలీట్' మీద వాలుతుంది. ఆమదాలవలసకి టిక్కెట్టు కొంటే ఇచ్ఛాపురంలో దింపినట్టు.

ఇంట్లో విచారణ సంఘం కూర్చుంది. అబ్బాయి వైరసన్నాడు. మా ఆవిడ దిష్టంది. నేను తీర్పు చెప్పి, పాత మౌసుని పారేసి కొత్తది కొన్నాను. అదీ అదే దారి.

చివరికి పొందూరు నుంచి మేనల్లుడొచ్చి మౌసుని వెల్లకిలా తిప్పాడు. కన్నంలో ఇరుక్కున్న వెంట్రుకని పీకి, నా బల్లకేసి చూశాడు.

"మావా, ఇది ఎలక్కాదు, కెమేరా. లైటేసి కిందున్నదాన్ని సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీస్తాది. ఒకదాని పక్కన ఒకటెట్టి ఎటు జరిగిందో లెక్క కడతాది. నువ్వేమో బల్లకి అద్దమేయించినావు. అందులో దానికేటి కనపడతాది?"

"కింద దేవుడి పటాలున్నాయి కదరా!"

"దానికి దేవుడక్కర్నేదు మావా. గరుకుండాల."

ఎంత మాట! మా ఆఫీసులో బల్ల మీద అద్దం పెద్ద కుర్చీలకే ఉండేది. ఇరవై తొమ్మిదేళ్లు ఉత్త చెక్క మీద ఫైళ్లు రాసి, రిటైరయ్యాక సొంత డబ్బుతో వేయించుకున్న హోదా అది. 1968లో ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఆయన సభలో చూపించిన మౌసుకి కింద రెండు చక్రాలుండేవి. చక్రాలు బల్ల హోదా అడగవు. 1980ల్లో వచ్చిన, లైటుతో చూసే ఆప్టికల్ మౌసులకి మాత్రం గళ్లు గీసిన పలక పరవాల్సొచ్చేది. మర్యాద తెలిసిన రోజులు.

పైగా పొద్దున ఎనిమిదింటికి కిటికీలోంచి ఎండ అద్దంలో దూరి మౌసు కంట్లో కొడుతోందట. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకితే జనం బారులు తీరతారు. నా మౌసు పాదాలు రోజూ తాకుతున్నాయి, ఒక్కరూ రాలేదు.

వాడు భుజం మీది పొందూరు ఖద్దరు కండువా తీసి అద్దం మీద పరిచాడు. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి, చేత్తో వడికిన నూలు. ఆ పడుగూ పేకా కనపడగానే మౌసు పెళ్లికొడుకులా బుద్ధిగా నడిచింది.

అద్దం తీయించమన్నారు. తీయించలేదు. ఇంటికెవరైనా వస్తే కండువా అంచెత్తి చూపిస్తున్నాను.